విడిపించి మరల పట్టుకొనిన చేతులు

ధ్యానభాగము: యిర్మీయా 34:8–22



యెరూషలేము చుట్టు బబులోను సైన్యము దిగియున్న దినములవి. రాజైన సిద్కియాకును ప్రజలకును భయము పుట్టెను. భయములో ధర్మశాస్త్రము జ్ఞాపకమునకు వచ్చెను. ఏడవ సంవత్సరమున హెబ్రీ దాసుని విడిచిపెట్టవలెననియు, వట్టి చేతులతో పంపకూడదనియు దేవుడు మోషే ద్వారా నియమించియుండెను గదా. ఎంతో కాలము మరచియున్న ఆ ఆజ్ఞను వారిప్పుడు తలంచుకొని, దేవుని మందిరములో దూడను రెండుగా కోసి, ఆ భాగముల నడుమ నడచి ప్రమాణము చేసిరి. దాసదాసీజనులు విడుదల పొందిరి. ఆ సాయంకాలమున ఎన్ని ఇండ్లలో సంతోషము కలిగియుండును!

అంతలో ఐగుప్తునుండి ఫరో సైన్యము బయలుదేరెనని విని కల్దీయులు ముట్టడి విడిచి వెళ్లిరి. ముట్టడి తీరగానే భయము తీరెను. భయము తీరగానే భక్తియు తీరెను. విడిచిన వారినే మరల పట్టుకొని వచ్చి దాసులనుగా చేసికొనిరి. విడువకపోవుట ఒక పాపము. దేవుని యెదుట విడిచి మరల పట్టుకొనుట అంతకంటె పెద్ద పాపము; ఏలయనగా అందువలన ఆయన నామము అపవిత్రమాయెనని ప్రవక్త చెప్పుచున్నాడు.

మన దేశమందును విడుదల చాటింపబడినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. ఆ చట్టములో దేశమందలి బానిసత్వపు పేర్లు అనేకము వరుసగా వ్రాయబడినవి. అందులో మన వెట్టి, మన జీతము, మన పాలేరు, మన భగేలా ఉన్నవి. 1982లో సుప్రీంకోర్టు, చట్టము చెప్పిన కనీస కూలికంటె తక్కువ ఇచ్చి పని చేయించుకొనుటయు వెట్టియే యని తీర్పు చెప్పెను.

మెతుకుసీమ పెద్దలారా, ఈ పేర్లు మీకు పుస్తకములో చదివినవి కావు. మన తాతలలో అనేకులు గడీలో వెట్టి చేసిరి. పెండ్లికి తెచ్చిన అప్పునకు జీతముండి, ఆ అప్పును కుమారునికి ఆస్తివలె అప్పగించి కన్నుమూసిరి. కరువు కాలమున మెదకు దేవాలయము కట్టబడుచుండగా పనిచేసిన చేతులకు అన్నము దొరికెనని మన పెద్దలు చెప్పుదురు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయమును చూచినప్పుడెల్ల, కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకక ముందే ఇయ్యవలెనను ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము మనకు జ్ఞాపకము రావలెను.

ఇప్పుడు మన ముంబయి రోడ్డు వెంబడి చూడుడి. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం — ఎన్ని కర్మాగారములు, ఎన్ని గోదాములు, ఎన్ని లారీలు! ఇల్లు మారువారి సామాను చేరవేయు కంపెనీ యజమానిని, నీయొద్ద బానిసలున్నారా యని అడిగిన, “అయ్యో, ఒక్కడును లేడు” అనును. అతడు అబద్ధమాడుటలేదు, వెదకుటలేదు. బీరువాలు మోయు కుర్రవారిని గుత్తేదారు పంపెను. గుత్తేదారునికి సర్దారు తెచ్చియిచ్చెను. సర్దారు వారి ఊరిలో తల్లిదండ్రుల చేతిలో బయానా పెట్టి తెచ్చెను. గోదాము గోడలోని ఇటుక ఏ బట్టీలో కాలెనో, అట్టపెట్టెలు ఎవరి చేతులు మడిచెనో అతడు అడుగలేదు. కూలి ఇయ్యక మేడ కట్టించుకొనిన రాజును యిర్మీయా 22వ అధ్యాయములో ప్రవక్త గద్దించెను. ఆ రాజు తానే కొరడా పట్టెనని అక్కడ వ్రాయబడలేదు. మేడలో కాపురముండుటయే చాలెను.

ఇటుక బట్టీల సంగతి వినుడి. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాలనుండి కోతలైన పిమ్మట పేదలు కుటుంబములతో మన రాష్ట్రమునకు వచ్చుచున్నారు. భార్యాభర్తలను, మరియొకరిని ఒక జట్టుగా లెక్కించి ముందుగా బయానా ఇత్తురు. వారము వారము తిండికి మాత్రము చిల్లర ఇచ్చి, వానలు పడువేళకు ఇటుకల లెక్క చూతురు. ఆ లెక్క వ్రాయువాడు ఒకడు, చదువరాక వ్రేలిముద్ర వేయువాడు ఒకడు. 2013 డిసెంబరులో కలహండి కూలీలు ఇద్దరు, తమకు చెప్పిన చోటికి గాక వేరొక చోటికి పోమనినందుకు, తోలుకొనిపోవువారు వారి కుడిచేతులను నరికిరి. ఆ సంగతి సుప్రీంకోర్టు వరకు పోయెను. బయానా తీసికొనిన చేయి ఇక తనది కాదని వారి తలంపు!

2025 జూన్ 30న పాశమైలారం కర్మాగారములో జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా మరణించిరి. అనేకులు దూర రాష్ట్రములవారు. గుర్తుపట్టుటకు రక్తసంబంధుల నమూనాలతో పరీక్షలు చేయవలసివచ్చెను. వారు బానిసలని నేననుటలేదు. కాని పొరుగువాని పేరును అతడు బ్రదికియుండగానే తెలిసికొనవలెనని ఆ దినములు మనకు నేర్పలేదా?

“ఇది కంపెనీ యజమానులకు చెప్పవలసిన ప్రసంగము, మాకేల?” అందురేమో. మన సంఘములలో మేస్త్రీలు లేరా? లారీ కొనినవారు లేరా? రేకుల గదులు కట్టి పరదేశి కూలీలకు అద్దెకిచ్చినవారు లేరా? గేటు వద్ద కావలి కాయువారు లేరా? ప్రతివాడు తన్నుతాను పరీక్షించుకొనవలెను. నా క్రింద పనిచేయువాని ఆధార్ కార్డు నా పెట్టెలో ఉన్నదా? అతని కూలి అతని చేతికే అందుచున్నదా? బియ్యము, గది అద్దె పేరిట కోసిన లెక్క అతనికి తెలియునా? తల్లి చనిపోయెనని వార్త వచ్చిన అతడు రేపే బయలుదేరగలడా? ఈ కడపటి ప్రశ్నకు కాదని జవాబు వచ్చినయెడల, అప్పుపత్రము ఎంత చక్కగా వ్రాసియున్నను అది వెట్టియే.

అట్టివాడు కనబడినప్పుడు మౌనముగా నుండకుడి. సర్దారుతో కలహమునకు పోకుడి. అతడు రాత్రికి రాత్రే వారిని వేరొక చోటికి తరలించును. సంఘపెద్దలతో కూడి కలెక్టరుగారికో, ఆర్డీవోగారికో విన్నవింపుడి. 1976 చట్టము ఆ భారమును వారిపైనే ఉంచెను. ఆ చట్టము ప్రకారము వెట్టి అప్పు చెల్లింపనక్కరలేదు. వెట్టి చేయించువానికి మూడేండ్లవరకు చెరసాల శిక్ష కలదు. చిన్నపిల్లలు పనిలో కనబడిన 1098కి ఫోను చేయుడి. సామాను లారీని పిలుచునప్పుడు ధర ఒక్కటే అడుగక, మోయువారికి ఏమి ఇచ్చుచున్నారో కూడ అడుగుడి. మిగిలినవారికంటె సగము ధరకు వచ్చువాడు ఆ సగమును ఎవని వీపుమీదనుండి తీయుచున్నాడో విచారింపుడి.

ఒనేసిము కొరకు పౌలు ఫిలేమోనునకు వ్రాసినప్పుడు, అతడు బాకీయున్నది తన లెక్కలో వేయుమని కోరెను. పౌలు చెరసాలలో ఉండియు అట్లు వ్రాయగలిగెను. ఏలయనగా తన బాకీని క్రీస్తు తన లెక్కలో వేసికొనెనని అతడెరుగును. మన ఋణపత్రము సిలువమీద రద్దుచేయబడినది. అట్లు విడుదల పొందిన మనము, వేరొకని ఋణపత్రమును పెట్టెలో దాచుకొని బల్లయొద్దకు ఎట్లు రాగలము?

ఐగుప్తు బానిసత్వమునుండియు గడీ వెట్టినుండియు జనులను విడిపించిన తండ్రీ, మా చేతులు మరల ఎవనిని పట్టుకొనకుండ కాపాడుము. మా వాకిట నున్న పరదేశి పేరు అడుగుటకు మాకు నోరిమ్ము. ఆమేన్.