మూడో రోజు సంతకం

కొత్త ఊళ్ళో మొదటి మూడు రోజులూ మనిషికి పేరుండదు. బయలుదేరేటప్పుడు పెట్టే బేడాతో పాటు పేరు కూడా పట్టుకునే పోతాం. కానీ అక్కడ దాన్ని విప్పి చూపించమని అడిగే నాథుడు కనిపించడు. బస్సులో కండక్టరుకి మీరు ‘ముందుకు జరుగు’. మెస్సులో ‘రెండో టేబులు’. ఆఫీసులోనైతే ‘ఏయ్ బాబూ’. నాలుగు రోజులు ఇలా గడిచాక ఎవరైనా మన పేరు ఇంటిపేరుతో సహా అడిగితే ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. ఎందుకు అడుగుతున్నాడన్న అనుమానం ఆ సంతోషంలో మనకు రాదు.

ఈ మాట నాకిప్పుడు గుర్తు రావడానికి కారణం మా అక్క కూతురు. ఇంజనీరింగు మూడో ఏడు, సివిల్. వేసవి సెలవుల్లో ఆరు వారాల ఇంటర్న్‌షిప్ కోసం పుణె వెళ్ళింది. మా రోజుల్లో దీన్నే సమ్మర్ ట్రైనింగ్ అనేవాళ్ళం. చేస్తే మంచిదనే వారే గాని, చేయకపోయినా ఎవరూ ఉరి తీసేవాళ్ళు కాదు. 2018లో ఏఐసీటీఈ వారు పాఠ్యప్రణాళిక మార్చి దీనికి క్రెడిట్లు కేటాయించిన దగ్గర్నుంచి పిల్లలకు ఇదొక గండమైంది. సర్టిఫికెట్టు లేనిదే క్రెడిట్లు లేవు. పైగా అక్కడ మెచ్చుకుంటే రేపు ఉద్యోగం కూడా అక్కడే దొరకవచ్చునన్న ఆశ ఒకటి. మా బావగారు చదువు కోసం బ్యాంకులో తీసుకున్న అప్పు సంగతి ఆ పిల్లకు తెలుసు.

మూడో రోజు రాత్రి ఫోను చేసింది. నేను గుట్టలో ఇంటి ముందు మంచం వేసుకుని పడుకున్నాను. (ప్రభుత్వం వారు మా ఊరికి యాదాద్రి అని పేరు పెట్టారు, మళ్ళీ యాదగిరిగుట్టే అన్నారు. మేం మాత్రం ముందూ గుట్టే అన్నాం, వెనకా గుట్టే అన్నాం.)

“మామా, తిన్నవా?”

“తిన్న బిడ్డా. నీ సంగతేంది? అన్నం దొరుకుతుందా?”

దొరుకుతోందట గాని చారు తియ్యగా ఉంటోందట. గదిలో ఇంకో ఇద్దరున్నారట. ఇలా పది నిమిషాలు చెప్పి కాసేపు ఆగింది. ఆడపిల్ల ఫోనులో ఆగిందంటే అసలు సంగతి అప్పుడే మొదలవుతుంది.

“మామా, ఒకటడుగుత. అమ్మకు చెప్పొద్దు. ఇయ్యాల సైట్ల నా పూర్తి పేరు అడిగిండ్రు.”

నేను లేచి కూర్చున్నాను.

సంగతేమిటంటే, అక్కడ రెండు నెలల కిందట పోసిన కొన్ని పిల్లర్లకు క్యూబులు తీయలేదు. సివిల్ వాళ్ళకు తెలుసు గాని ఇతరుల కోసం చెబుతాను. కాంక్రీటు పోసేటప్పుడు అదే మాలుతో పదిహేను సెంటీమీటర్ల క్యూబులు మూడు పోసి, మర్నాడు అచ్చు విప్పి నీళ్ళలో పడేస్తారు. ఏడో రోజునా, ఇరవై ఎనిమిదో రోజునా యంత్రం కింద పెట్టి పగలగొడతారు. ఎంత బరువుకు పగిలిందన్నది రిజిస్టరులో రాస్తారు. పిల్లరును పగలగొట్టి చూడలేం గదా, అంచేత దాని తరఫున ఈ మూడు దిమ్మలూ సాక్ష్యం చెబుతాయన్న మాట. ఇప్పుడు సాక్షులే లేరు. లేని సాక్షుల వాఙ్మూలం రాసి, ‘పరీక్షించినవారు’ అన్న చోట మా పిల్లను సంతకం పెట్టమన్నారు. “అందరూ చేసేదే, బిల్డింగు గట్టిగానే ఉంది, ఇది కాగితం పని” అన్నారట, ఎంతో దయగా.

“నువ్వేమన్నవు?”

“రేపు చెప్త అన్న. ఏం జెయ్యాలె మామా?”

“రేపు పొద్దున నేనే ఫోన్ చేస్త, పడుకో” అన్నాను. పడుకోమన్నది దాన్ని. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

1983 మే నెల. పాలిటెక్నిక్ డిప్లొమా చదువుతున్న నేను ట్రైనింగుకని గుట్ట నుంచి బస్సెక్కి హైదరాబాదు గౌలిగూడ బస్టాండులో దిగాను. విమానాల షెడ్డులాంటి ఆ గుండ్రటి ఇనుప కప్పు కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు, ఇంజనీరంటే ఇలాంటివి కట్టేవాడు గదా అని ఒళ్ళు పులకరించింది. చిక్కడపల్లిలో మా ఊరివాడి గదిలో మకాం. తెల్లారి లేచి, తలుపు పక్క వేలాడుతూ సైటుకు పోవడం. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. మొదటి రోజు ఎండలో నిలబడ్డాను. రెండో రోజు టేపు కొస పట్టుకున్నాను. టీ వచ్చినప్పుడు అందరికీ గ్లాసులందేవి, నా దాకా వచ్చేసరికి కెటిలు ఖాళీ.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దమనిషి నన్ను లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. నీ పేరేమిటి నాయనా అన్నాడు. ఇంటిపేరు కూడా అడిగి, మీదే ఊరంటే గుట్ట అన్నాను. “అబ్బో, నరసింహస్వామి ఊరా!” అని చేతులు జోడించాడు. తర్వాత రిజిస్టరు తెరిచాడు.

పోసింది ఆడపిల్లల హాస్టలు భవనం. అప్పటి లెక్కలో చదరపు సెంటీమీటరుకు నూటయాభై కిలోలు మోయాల్సిన కాంక్రీటు. అంటే ఒక్కో క్యూబు దాదాపు ముప్ఫై నాలుగు టన్నులకు తట్టుకోవాలి. “ముప్ఫై ఆరు రాయి. పక్కన ముప్ఫై ఎనిమిది. మూడోది ముప్ఫై అయిదు. మరీ ఒకటే అంకె రాయకు, అనుమానమొస్తుంది. సగటుకు అటూ ఇటూ పదిహేను శాతం లోపల ఉంటే చాలు” అని నేర్పాడు. ఆ పదిహేను శాతం నిబంధన పుస్తకంలో ఉన్నదే. నేను కాలేజీలో చదివాను కూడా. నిజాన్ని పట్టుకోవడానికి పెట్టిన కొలబద్ద అబద్ధాన్ని చెక్కడానికి ఎంత చక్కగా పనికొస్తుందో చదువులో చెప్పలేదు గాని, ఆ రోజు తెలిసింది.

రాశాను. సంతకం పెట్టాను. అందంగా పెట్టాను.

ఇన్నేళ్ళుగా ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు నేను చెప్పుకున్నది భయపడి పెట్టానని. పంతొమ్మిదేళ్ళవాణ్ణి, ఊరు కాని ఊరు, కాదంటే సర్టిఫికెట్టు ఇవ్వరు. విన్నవాళ్ళు కూడా పాపం అంటారు. కానీ ఆ రాత్రి మంచం మీద కూర్చుని తవ్వుకుంటే అది నిజం కాదని తేలింది. నన్నెవరూ బెదిరించలేదు. నాకు కుర్చీ వేశారు. నా పేరడిగారు. మూడు రోజులు ఎవరికీ కానివాణ్ణి ఒక్క సంతకంతో వాళ్ళలో ఒకణ్ణయ్యాను. సాయంత్రం టీ గ్లాసు నాకే మొదట అందింది. భయంతో చేసిన తప్పుకు కనీసం చెయ్యి వణుకుతుంది. నా చెయ్యి వణకలేదు. నేను సంతోషంతో చేశాను. మనుషులు లంచం కంటే, బెదిరింపు కంటే ఎక్కువగా దీనికే లొంగుతారేమోనని నా అనుమానం.

ఇక రెండో చిక్కు. ఆ భవనం కూలలేదు. ఇప్పటికీ ఉంది. నగరానికి పోయినప్పుడు పనిగట్టుకుని ఆ వీధి చుట్టి వస్తాను. పిట్టగోడ మీద ఆరేసిన బట్టలు చూసి వెనక్కి వస్తాను. బహుశా ఆ కాంక్రీటు నిజంగానే ముప్ఫై ఆరు టన్నులు మోసేదే కావచ్చు. అప్పుడు నేను రాసింది అబద్ధమా? అంకె నిజమై, చూశానన్న మాట మాత్రం అబద్ధమైతే దాన్నేమనాలి? ఎవరికీ నష్టం లేని తప్పు తప్పేనా అని తర్కశాస్త్రం చదివిన మిత్రుణ్ణి ఒకసారి అడిగాను. నష్టం లేదని నీకెలా తెలుసు అన్నాడు. కూలలేదు గదా అన్నాను. “నలభై ఏళ్ళుగా వెళ్ళి చూసొస్తున్నావంటే నీకు తెలియదనే గదా అర్థం” అన్నాడు. తార్కికులతో స్నేహం చేయకూడదు.

కూలడం, కూలకపోవడం మన చేతిలో లేవు. చూడటం ఒక్కటే మన చేతిలో ఉంది. నేను దిగిన గౌలిగూడ బస్టాండు కప్పు 2018 జులైలో పొద్దున్నే నేలమట్టమైంది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ప్రమాదం గమనించి ముందే బస్సులు ఆపేశారట. ఎవరో తలెత్తి చూసి, చూసింది చూసినట్టు చెప్పారన్న మాట. న్యూయార్కులో 1977లో కట్టిన సిటీకార్ప్ అనే యాభై తొమ్మిది అంతస్తుల మేడ కథ ఇంకా విచిత్రం. మరుసటేడు ఒక విద్యార్థి దాని గురించి అడిగిన ప్రశ్న విన్నాక, దాని ఇంజనీరు లెమెషూరియర్ లెక్కలు మళ్ళీ తిరగేశాడు. మూలల వైపు నుంచి గాలి కొడితే ఆపాల్సిన కీళ్ళను వెల్డింగుకు బదులు బోల్టులతో బిగించారని తెలిసి గుండె జారిపోయింది. తన తప్పు తానే ఒప్పుకుని రాత్రిళ్ళు వెల్డింగు చేయించాడు. మేడ నిలిచింది. అయితే అందులో పనిచేసేవాళ్ళకు మాత్రం అసలు ప్రమాదం చెప్పలేదు. లోకానికి తెలిసింది 1995లో! ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలో, దాచినందుకు తిట్టాలో పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి మీదే ధ్యాస. చదువుకునేవాడికి అడిగే స్వేచ్ఛ ఉన్నట్టు మరెవరికీ ఉండదు. ఉద్యోగం పోతుందనడానికి ఇంకా ఉద్యోగమే లేదు గదా!

అలా అనుకోగానే నన్ను నేనే పట్టుకున్నాను. మామగారు గుట్టలో మంచమ్మీద కూర్చుని ధైర్యం మాట్లాడుతున్నారు. ధర చెల్లించాల్సింది పుణెలో ఉన్న పిల్ల. క్రెడిట్లు పోయినా, వాళ్ళ నాన్న అప్పు మిగిలినా నా పింఛనులో పైసా తగ్గదు. తాను అమ్ముకున్న వస్తువును ఇంకొకర్ని అమ్మొద్దని చెప్పే హక్కు నాకెక్కడిది? చెప్పకపోతే మాత్రం, నలభై ఏళ్ళు ఆ వీధి చుట్టూ తిరగడం దానికీ అప్పగించినవాణ్ణవుతాను.

తెల్లవారుజామున కొండ మీదికి నడిచాను. 2016లో మొదలుపెట్టి, నల్లరాతితో మళ్ళీ కట్టి, 2022 మార్చి 28న తలుపులు తెరిచాక గుడి రూపమే మారిపోయింది. కానీ ప్రదక్షిణాలకు వచ్చేవాళ్ళు మారలేదు. జబ్బు నయం కావాలని నలభై రోజులు మొక్కుకుని వచ్చేవాళ్ళు మా ఊరికి కొత్త కాదు. ఒక ముసలమ్మ కొంగులో చింతగింజలు కట్టుకుని తిరుగుతోంది. చుట్టుకొక గింజ ఇటు నుంచి అటు మారుస్తోంది. నేను చూస్తుండగానే ఆగి, గింజలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టి, తప్పినట్టుంది, నాలుగు గింజలు వెనక్కి వేసుకుంది. మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఒక రిజిస్టరా, ఒక సంతకమా! ఆమె లెక్క ఎవరడిగారు?

“ఎవలు చూస్తుండ్రు అవ్వా, నాలుగే గదా” అన్నాను పరాచికానికి.

“మోకాళ్ళు నొస్తున్నయి కొడుకా, ఊకె మాట్లాడియ్యకు, లెక్క మర్చిపోత” అంది.

కిందికి దిగి ఫోను చేశాను. ఏం చేయాలో చెప్పలేదు. 1983 సంగతి మొత్తం చెప్పాను, కుర్చీతో సహా, టీ గ్లాసుతో సహా. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. అది చాలాసేపు ఏమీ అనలేదు.

“ఆ బిల్డింగ్ ఉందా మామా?”

“ఉన్నది.”

“నీ ట్రైనింగ్ ఎన్ని రోజులు?”

“ఆరు వారాలు.”

“మరి ఇరవై ఎనిమిదో రోజుకు నువ్వు ఆడనే ఉంటవు గదా. తర్వాత పోసినయాటికన్న క్యూబులు నువ్వే పోసుడుండె” అంది.

నిజమే. నలభై ఏళ్ళలో నాకు తట్టలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోను వచ్చింది. పాత పిల్లర్ల వరసలో ‘క్యూబులు తీయలేదు’ అని రాసిచ్చిందట. దాని కింద సంతకం పెట్టిందట. వాటికి హామర్ టెస్ట్ చేయిద్దామని అడిగితే ఆయన మాట్లాడకుండా వెళ్ళిపోయాడట. సర్టిఫికెట్టు సంగతి తెలియదు. మధ్యాహ్నం టీకి ఎవరూ పిలవలేదట.

“ఇయ్యాల కొత్త స్లాబు పోసిండ్రు మామా. మూడు కాదు, ఆరు క్యూబులు పోసిన. పొరకు ముప్ఫై అయిదు పోట్లు, లెక్కపెట్టి పొడిచిన. చేతులన్నీ పగిలినయి.”

“కొబ్బరినూనె రాసుకో బిడ్డా” అన్నాను.