కూలికి ఊదిన ఊపిరి

ప్రతిఫలం పుచ్చుకొని ఒకరి కోసం చేసిన పనికి ఫలం ఎవరికి చెందుతుందన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో యజ్ఞశాలలో పుట్టింది. అదే ప్రశ్నను ఇవాళ జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల రికార్డింగు గదుల్లో ట్రంపెట్, ట్రాంబోన్ ఊదే వాద్యకారుడి విషయంలో అడగవలసి ఉంది. కథానాయకుడు తెర మీదికి వచ్చే క్షణాన మోగే ఇత్తడి గర్జన వెనుక ఒక మనిషి ఊపిరి ఉంటుంది. ఆ ఊపిరికి కాల్షీటు లెక్కన డబ్బు ముడుతుంది, పాట మాత్రం సంగీత దర్శకుడి పేరు మీద, గాయకుడి పేరు మీద లోకంలో తిరుగుతుంది. ఇది అన్యాయమా, లేక కూలికి కుదిరిన పనికి సహజమైన ధర్మమేనా అన్నది ఒక్క మాటలో తేలేది కాదు.

ముందుగా ఇత్తడి వాద్యమంటే ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే రాగీ తుత్తునాగమూ కలిసిన లోహంతో చేసినదల్లా ఈ కుటుంబంలోకి రాదు. శాక్సొఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా, దాని నాదం రీడ్ అనే పలుచని రెల్లు బద్ద కంపించడం వల్ల పుడుతుంది కనుక శాస్త్రజ్ఞులు దాన్ని క్లారినెట్ సరసన చేరుస్తారు. ట్రంపెట్, ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబాలలో రీడ్ ఉండదు. మౌత్‌పీస్‌కు ఆనించిన పెదవులే కంపిస్తాయి, గొట్టంలోని గాలి ఆ కంపనాన్ని అందుకొని పెంచుతుంది. 1914లో హోర్న్‌బోస్టెల్, జాక్స్ అనే పండితులు చేసిన వాద్యవర్గీకరణలో ఈ కుటుంబానికి ఈ లక్షణమే ప్రమాణం. దాని ప్రకారం గుడిలో పూరించే శంఖమూ, జాతరలో ఊదే కొమ్ము బూరా, పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాయించే ట్రంపెట్టూ ఒకే తరగతికి చెందుతాయి. ట్రంపెట్‌ను పరాయి వాద్యమని తీసిపారేసేవారు ఈ చుట్టరికాన్ని గమనించాలి.

చుట్టరికం ఉన్నా మర్యాద సమానంగా లేదు. శంఖం దేవుడి ఎదుట మోగుతుంది, ట్రంపెట్ వీధిలోనే ఆగిపోతుంది. ఎంగిలి వాద్యమన్నది ఇందుకు చెప్పే కారణాల్లో ఒకటి, కాని శంఖానికీ ఎంగిలి ఉంది. అందుకే పూరించే శంఖాన్ని, అభిషేక జలం పోసే శంఖాన్ని ఆచారం వేరువేరుగా ఉంచుతుంది. ట్రంపెట్ వాయించేవాడు మధ్యమధ్యలో గొట్టం వంపు దగ్గరి చిన్న మీట నొక్కి నేల మీదికి వదిలే నీటిలో ఉమ్మి ఉండేది కొంచెమే. ఎక్కువ భాగం వెచ్చని ఊపిరిలోని ఆవిరి చల్లని లోహానికి తగిలి నీరైనదే. కాబట్టి తేడా వస్తువులో లేదు, ఊదే మనిషి స్థానంలో ఉంది. దేశమంతటా బ్యాండు మేళాల వృత్తిలోకి ఎక్కువగా వచ్చినవారు సమాజం అట్టడుగుకు నెట్టిన కులాలవారు, ముస్లిములు అన్న వాస్తవాన్ని పక్కన పెట్టి శుచి గురించి మాట్లాడడం నిజాయితీ కాదు.

ఇక కూలి సంగతి. జైమిని మీమాంసాసూత్రాల మూడో అధ్యాయం ఈ చర్చకు గట్టి ఆధారం. యజ్ఞఫలం యజమానికే చెందుతుందని, అయినా హోమం, మంత్రపఠనం, సోమలత దంచడం వంటి పనులన్నీ ఆయన స్వయంగా చేయనక్కరలేదని, ద్రవ్యాన్ని ఇది నాది కాదని విడిచే త్యాగం ఆయన చేస్తే తక్కినవి ఋత్విక్కులు నిర్వహిస్తారని అక్కడి సిద్ధాంతం. ఋత్విక్కులు పరిక్రీతులు, అంటే దక్షిణ ఇచ్చి కుదుర్చుకున్నవారు. ఆ దక్షిణను మీమాంసకులు దానంగా కాక పనికిచ్చే ప్రతిఫలంగానే లెక్కగట్టారు. అత్యంత పవిత్రమని నమ్మిన కర్మ నడిబొడ్డున కూలి ఒప్పందాన్ని ఇంత నిస్సంకోచంగా ఒప్పుకోవడం గొప్ప విషయం. దీన్ని బట్టి డబ్బుకు ఊదినంత మాత్రాన కళ మలినపడదని, పాట లాభం నిర్మాతకు చేరడం దానికదే అధర్మం కాదని చెప్పవచ్చు. అయితే యజ్ఞశాలకూ స్టూడియోకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. యజ్ఞారంభంలో ఋత్విగ్వరణం జరుగుతుంది, అంటే యజమాని ఒక్కొక్క ఋత్విక్కునూ అతని పదవి చెప్పి, ఫలానా కార్యానికి నిన్ను వరిస్తున్నానని ఎదుట నిలిచి కోరతాడు. కూలి తీసుకున్నవాడు అక్కడ అనామకుడు కాడు. ఫిలింనగర్ దైవసన్నిధానంలోనో స్టూడియో ఆవరణలోనో జరిగే ముహూర్తపు పూజలో పురోహితుడు నిర్మాత గోత్రనామాలతో సంకల్పం చెబుతాడు. కొన్ని నెలల తరువాత ఆ సినిమాకే ఊపిరి పోసే వాద్యకారుడిని పేరు పెట్టి వరించే ఘట్టం మాత్రం ఎక్కడా లేదు.

భగవద్గీత 18వ అధ్యాయం, 14వ శ్లోకం ఏ కర్మకైనా అయిదు కారణాలను చెబుతుంది: అధిష్ఠానమైన శరీరం, కర్త, ఇంద్రియాలనే కరణాలు, వివిధ చేష్టలు, దైవం. ఇక్కడ చేష్టలంటే ప్రాణాపానాది వాయువుల వ్యాపారాలని శంకరాచార్యులు వ్యాఖ్యానించారు. కర్తను ఒక కారణంగా లెక్కించిన చోటే ఊపిరి కదలికను మరో కారణంగా విడిగా లెక్కించడం ఇత్తడి వాద్యకారుడికి నేరుగా వర్తిస్తుంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నాదం పుట్టుకను ఇదే దారిలో వివరించాడు. ఆత్మ మనస్సును ప్రేరేపిస్తే, మనస్సు దేహాగ్నిని తట్టి లేపుతుంది. ఆ అగ్ని వాయువును కదిలిస్తుంది. వాయువు నాభి నుంచి పైకి సాగి నాదమవుతుంది. ఇందులో ఏ మెట్టునూ తీసేయడానికి వీలు లేదు.

ఇప్పుడు సినిమా సంగీతంలో తీసేస్తున్నది సరిగ్గా ఈ వాయువు అనే మెట్టునే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమై, ఆ తరువాత రామానాయుడు స్టూడియోస్ వంటివి వచ్చి తెలుగు సినిమా హైదరాబాదులో స్థిరపడినా, వాద్యకారులు మద్రాసులోనే ఉన్నందున పాటల రికార్డింగు చాలాకాలం అక్కడే సాగింది. పెద్ద వాద్యబృందం కోసం సముద్రాలు దాటడమూ ఉంది. 2000లో వచ్చిన హే రామ్‌కు ఇళయరాజా బుడాపెస్టు వాద్యబృందంతో వాయింపించారు. ఈలోగా సాంపిల్ వచ్చింది. ఒక వాద్యకారుడు ఒక్కొక్క స్వరాన్ని మెల్లగా, మధ్యస్థంగా, బిగ్గరగా ఊదగా భద్రపరిచిన ధ్వనుల గుత్తే సాంపిల్. దాన్ని కీబోర్డు మీట నొక్కి ఎన్ని సినిమాలకైనా వాడవచ్చు. శరీరం నుంచి చేష్టను వేరు చేసి అమ్మిన సందర్భం ఇది. ఋత్విక్కును ఒక యజ్ఞానికి కుదుర్చుకుంటారు, అతని కంఠాన్ని శాశ్వతంగా కొనుక్కోరు. ఆ హద్దు ఇక్కడ చెరిగిపోయింది, దీన్ని కేవలం సౌకర్యంగా చూడడం పొరపాటు.

అమ్ముడుపోకుండా వాద్యకారుడి దగ్గర మిగిలేది సంస్కారం, అంటే అభ్యాసం వల్ల దేహంలో స్థిరపడిన నేర్పు. అది బోధన ద్వారానే మరొకరికి చేరుతుంది. సైనిక బ్యాండ్ల కోసం పచ్‌మఢీలో 1950లో ఏర్పడిన సంగీత శిక్షణాలయం కావచ్చు, ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడు పరీక్షలకు నగరాల్లో పిల్లలను తయారుచేసే మాస్టారి ఇంటి ముందుగది కావచ్చు, పని ఒక్కటే. శిష్యుడి పెదవుల వెనుక నాలుక ఎక్కడుందో గురువుకు కనిపించదు. నాదం వినే పొరపాటు పట్టుకోవాలి. బుగ్గ ఉబ్బితే చెబుతాడు, భుజం లేస్తే తట్టి దించుతాడు, ఒకే స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా నిలకడగా ఊదిస్తాడు. ట్రంపెట్‌కున్న మూడు మీటలతోనే అన్ని స్వరాలూ రావు. ఒకే మీట పట్టు మీద పెదవి బిగువును బట్టి వేరువేరు స్వరాలు పలుకుతాయి కనుక, చెవి ముందుగా విననిదాన్ని పెదవి పలికించలేదు.

ఈ బోధనకు నెలనెలా రుసుము తీసుకోవచ్చునా అన్నది పాత వివాదమే. మనుస్మృతి అధ్యాపనాన్ని బ్రాహ్మణుడి జీవనోపాయాల్లో ఒకటిగా చెబుతూనే, వేతనం మాట్లాడుకొని చదువు చెప్పేవాణ్ణి శ్రాద్ధభోజనానికి అనర్హుల్లో చేర్చింది. చదువు ముగియకముందు గురువుకేమీ ఇవ్వరాదని కూడా చెప్పింది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో నాట్యాచార్యుడు గణదాసు బతుకుదెరువుకే విద్యను వాడేవాణ్ణి వర్తకుడితో పోల్చి ఈసడిస్తాడు, కాని ఆయనా రాజు కొలువులో వేతనం మీద ఉన్నవాడే. శిష్యుడి భిక్ష మీద, రాజాశ్రయం మీద గురువు బతికిన కాలపు నియమాన్ని ఇంటద్దె కట్టుకొనే మాస్టారికి వర్తింపజేయడం న్యాయం కాదు. అదే నాటకంలో పరివ్రాజిక చెప్పిన కొలమానం మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది: కొందరికి విద్య తమలో ఉంటుంది, కొందరికి ఇతరులకు అందించే నేర్పు ఉంటుంది, రెండూ ఉన్నవాణ్ణి శిక్షకులకు ముందు నిలపాలి. వాయించే అవకాశాలు తగ్గినప్పుడు పాఠాలకు దిగాడని ఇత్తడి వాద్యకారుణ్ణి చులకన చేసేవారు ఈ మాటను పట్టించుకోవాలి.

చివరగా పేరు సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ, సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్ సహా ఎక్కడా పేర్కొనబడదో, అటువంటి వ్యక్తిని ప్రదర్శకుడిగా పరిగణించదు. తన ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే అతనికి మిగులుస్తుంది. కనుక తెర మీద పేరు పడడం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, చట్టం కంటికి కర్తగా కనిపించడానికి అది ఒక ఆధారం కూడా. ఫిలింనగర్‌లో సినిమా తీసే ప్రతి నిర్మాతా, ప్రతి సంగీత దర్శకుడూ తమ పాటకు ట్రంపెట్, ట్రాంబోన్ ఊదినవారి పేర్లను, వారి వాద్యం పేరుతో సహా, టైటిల్స్‌లో వేయాలి.