గడువు తీరిన తరువాత

శిక్షకు గడువుండాలనటంలో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. గడువు అనేది రాజ్యం ఇచ్చిన మాట. ఆ మాట ఇచ్చినవారిని కూడా కట్టివేస్తుందా, పుచ్చుకొన్నవాడినేనా అన్నది ప్రశ్న.

1958 నాటి ప్రొబేషన్ చట్టం చూడండి. నేరం రుజువైనా జైలుకు పంపక, సత్ప్రవర్తనకు పూచీ వ్రాయించుకొని వదిలే అధికారం 4వ సెక్షను కోర్టుకిచ్చింది. గడువు 3 సంవత్సరాలు మించరాదు. ఆ గడువులో పిలిచినప్పుడు వచ్చి శిక్ష స్వీకరిస్తాననే కదా అతను వ్రాసియిచ్చేది! షరతులు మార్చాలన్నా పూచీ అమలులో ఉండగానే మార్చాలంటుంది 8వ సెక్షను. షరతు తప్పినవాడిని పట్టి తెప్పించే 9వ సెక్షను మాత్రం కాలం మాటే ఎత్తదు. ఈ మౌనాన్ని ఎవరి పక్షాన చదవాలి?

నాయుడుపేటలో మూటలు మోసే కూలీ ఒకడు చిల్లర దొంగతనం కేసులో ఇలా విడుదలైనాడనుకుందాం. రెండో ఏట, పని వెదుక్కుంటూ చెన్నై పోయి, ఒక నెల ప్రొబేషన్ అధికారికి కనిపించలేదు. అధికారీ ఊరుకున్నాడు. మూడేళ్లూ నిండినవి. నాలుగో ఏట వారంటు వచ్చింది. తప్పు గడువులోదే, కాదనను. కాని వారంటు వచ్చేనాటికి అతను దోషియా, పౌరుడా? పోయేది స్వేచ్ఛ ఒక్కటే కాదు. నేరనిర్ణయం వల్ల ఏ అనర్హతా తగలకుండా 12వ సెక్షను ఇచ్చిన రక్షణ కూడా, పాత నేరానికి శిక్ష పడగానే పోతుంది.

ఆఖరి రోజున తప్పుచేసి మర్నాడు దర్జాగా తిరిగేవాడి మాటేమిటని న్యాయవాది మిత్రులు అడుగుతారు. అమెరికా ఫెడరల్ చట్టం దీనికొక జవాబు వ్రాసుకున్నది: గడువు తీరకముందే ఆ ఆరోపణపై వారంటో సమనో వెలువడి ఉంటేనే, విచారణకు అవసరమైనంత మేరకు, కోర్టు అధికారం గడువు దాటి సాగుతుంది. కిక్కిరిసిన జైళ్ల దేశం నుంచి ఉదారత నేర్చుకోమనటం లేదు. అక్కడికీ ఒక హద్దు ఉన్నదంటున్నాను. ఆఖరి రోజువాడు ఒకడు జారిపోతే పోనీ.

మన ప్రాంతానికిది పుస్తకాల చర్చ కాదు. కావలి దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటులో ఎరుకలవారిని ఉంచిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే అనుమానించింది, పుట్టుకకు గడువెక్కడిది? అది 1952లో దేశమంతటా రద్దయితే, 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. ఈ ముద్రను విముక్త జాతులవారిపై ప్రయోగించటాన్ని, 2024 అక్టోబరు 3న, జైళ్లలో కులవివక్షపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. గడువు దాటినా అందుకోగల చేయి ముందుగా ఎవరి భుజంమీద పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

9వ సెక్షనులో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. అంతవరకు మేజిస్ట్రేటు దానిని 4వ సెక్షనుతో కలిపి చదవాలి. అలసత్వం అధికారిదైనప్పుడు, దాని మూల్యం కూలీ ఎందుకు చెల్లించాలి?