బాలింతకు దాహమైతే తాగాల్సిందే

బిడ్డా, మీ అత్తమ్మ బేగంబజార్ అంతా తిరిగి శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం తెచ్చి నీకు కాయం చేస్తోందని విన్నా. సంతోషం. కింది దుకాణం మార్వాడీ ఆంటీ గోంద్ లడ్డూలు పంపితే అవీ వద్దనకు. కాకపోతే కడుపుతో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది గనుక బెల్లమూ నెయ్యీ కొద్దిగానే. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు ఆరు నెలలు మానొద్దు. కాయం తింటున్నా కదా అని వాటిని పక్కన పెట్టకు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దవాళ్ల మాట వినకు. బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందని, పాపకు జలుబు చేస్తుందని అంటారు. తల్లిపాలలో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. పైగా నీళ్లు తగ్గితే మలబద్ధకం, దాంతో కుట్ల నొప్పి. దాహమైనప్పుడల్లా తాగు, మీ అత్తమ్మతో నేను మాట్లాడతా. చెవుల్లో దూది పెట్టుకోమంటే పెట్టుకో, పోయేదేం లేదు. సాంబ్రాణి పొగ మాత్రం పాప ఉన్న గదిలో వద్దు.

మీ గల్లీలో పగలంతా హమాలీల కేకలు, ట్రాలీ ఆటోల హారన్లు. నీకు పగటి నిద్ర కుదరదు. రాత్రి పాలిచ్చాక పాపను మీ ఆయన చేతికివ్వు. జోకొట్టడం, గుడ్డలు మార్చడం నాలుగు రోజులు చేస్తే ఆయనకూ వస్తాయి.

రక్తస్రావం రోజురోజుకూ తగ్గాలి. గంటలో ప్యాడ్ నిండిపోయినా, జ్వరమొచ్చినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ఒక కాలి పిక్క వాచినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యి, కోఠి ప్రసూతి ఆసుపత్రి దగ్గరే. నిజాం కోడలు యువరాణి నీలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి 1949లో కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. రాచనగరిలో మెలిగిన మనిషికే ఆనాడు దక్కని వైద్యం ఇవాళ నీకు అందుబాటులో ఉంది, మొహమాటపడకు.

ఇక ఏడుపు సంగతి. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో ఊరికే కన్నీళ్లొస్తాయి. పండంటి పాపను పెట్టుకుని ఏడుపేంటని ఎవరన్నా అంటే అననీ, నువ్వు ఏడువు. చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే, పాప నిద్రపోయినా నీకు నిద్ర రాకపోతే, పాప మీద మనసు పోకపోతే అది నీ తప్పు కాదు, జబ్బు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి. మనసు డాక్టరంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రే అని ఎగతాళి చేసేవాళ్లను పట్టించుకోకు. చచ్చిపోవాలనిపించినా, ఎవరికీ వినపడని మాటలు నీకు వినపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు చెప్పుకోలేకపోతే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు మీ ఆయన ఫోన్లో కూడా పెట్టించు.