జోస్యమూ అంచనా

ఫుట్‌బాల్ పోటీలో ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పటమన్నది నీతికి సంబంధించిన ప్రశ్న ఎట్లా అవుతుందని పాఠకులు అడగవచ్చు. చెప్పేవాడు చెబుతాడు, గెలిచేవాడు గెలుస్తాడు, ఇందులో మంచిచెడ్డలేమున్నాయి? పందెం కాస్తే అది వేరే సంగతి; జూదం మంచిది కాదని ఈ పత్రిక పాఠకులకు నచ్చజెప్పవలసిన పని లేదు. కాని పైసా పందెం లేకుండా, కేవలం సరదాకు చెప్పే జోస్యంలో కూడా ఒక దృక్పథం ఉన్నదనీ, అది మైదానం దాటి మన రాజకీయాల్లోకీ, తరగతి గదుల్లోకీ వచ్చి కూర్చున్నదనీ నా అభిప్రాయం.

నేను పాఠాలు చెప్పే కళాశాల హైదరాబాదు పాతనగరంలో ఉన్నది. 2022 నవంబరు, డిసెంబరు నెలల్లో ఖతర్‌లో ప్రపంచ కప్పు జరిగినన్ని రోజులూ షాలిబండ నుంచి బార్కస్ దాకా ఏ ఇరానీ హోటల్లో చూసినా ఇదే చర్చ. నిజాం కొలువులో సైనికులుగా పనిచేసిన అరబ్బుల బ్యారక్‌ల వల్ల బార్కస్‌కు ఆ పేరు వచ్చింది; వారి పూర్వులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వారు. ఆ పేటకు ఫుట్‌బాల్ టెలివిజన్ తెచ్చిపెట్టిన మోజు కాదు, తాతలనాటి ఆట. నవంబరు 22న సౌదీ అరేబియా 2–1తో అర్జెంటీనాను ఓడించింది. అంతకుముందు 36 ఆటల్లో ఓటమి ఎరగని జట్టు అది. మర్నాడు మా విద్యార్థుల్లో సగంమంది అర్జెంటీనా పని అయిపోయిందని తేల్చేశారు. డిసెంబరు 18న కప్పు అర్జెంటీనా ఎత్తుకుపోయింది. ఒకే నెలలో, ఒకే జట్టు విషయంలో, జోస్యం రెండుసార్లు బోల్తాపడిందన్నమాట. అయినా చెప్పేవాళ్ల ఉత్సాహం తగ్గలేదు.

ఆ రోజుల్లోనే ఒక విద్యార్థి నన్నడిగాడు: “చరిత్ర ఎటు పోతున్నదో క్లాసుల చెప్తరు గద సార్, గీ కప్పు ఎవరిదో చెప్పలేరా?” వాడు వేళాకోళానికే అన్నాడు. కాని ప్రశ్న వేళాకోళం కాదు. చరిత్రకు గమనసూత్రాలున్నాయనీ, వాటిని తెలుసుకోవచ్చుననీ చెప్పేవాళ్లం మనం. పదకొండుమంది ఎదుట పదకొండుమంది, తొంభై నిమిషాలు: ఇంత చిన్న లెక్క తేల్చలేనివాళ్లం సమాజం సంగతి ఎట్లా తేల్చగలం?

ఉగాదినాడు చదివే పంచాంగాన్ని తీసుకోండి. రెండు అట్టల మధ్య అందులో రెండు రకాల జోస్యాలుంటాయి. ఫలానా తేదీన ఇన్ని గంటలకు గ్రహణం పడుతుందని ఉంటుంది, పడుతుంది. ఫలానా రాశివారికి ఆదాయమింత, వ్యయమింత, రాజపూజ్యమింత, అవమానమింత అని కూడా ఉంటుంది. రెండవదానికి ఉన్న పరపతి అంతా మొదటిదాని దగ్గర అరువు తెచ్చుకున్నదే. గ్రహణం చెప్పినవాడు గనక గ్రహచారమూ చెప్పగలడని జనం నమ్ముతారు. పత్రికల్లో దశాంశాలతో సహా వచ్చే గెలుపు అవకాశాల పట్టికలు చూసినప్పుడల్లా నాకు ఆదాయ వ్యయాల పట్టికే గుర్తుకొస్తుంది.

గణాంకాలు బొత్తిగా పనికిరావని నా వాదం కాదు. మంచి జట్లే ఎక్కువసార్లు గెలుస్తాయి. ఆ మాట చెప్పటానికి పండితుడక్కరలేదు. 2010లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్ పట్టణంలో, నీటితొట్టెలో ఉండే పాల్ అనే ఆక్టోపస్ ఆ ఏటి ప్రపంచ కప్పులో ఎనిమిది ఆటల ఫలితాలు “చెప్పి” ఎనిమిదీ నిజం చేసుకున్నది. నిపుణులెవరూ అంత చక్కగా చెప్పలేదు. మనం నవ్వుకున్నాం. ఆ ప్రాణికి బుద్ధి లేదని నవ్వటం సరికాదు. ఫలితాలు సరిగ్గానే వచ్చాయి గదా! దానిలో ఉన్న లోటల్లా ఏమిటంటే, ఎవరు గెలిచినా దానికి చెయ్యవలసిన పని ఏమీ లేదు. దాని ముందున్న డబ్బాల్లో ఏది తెరిచినా తిండి దొరుకుతుంది. జోస్యగాడి స్థితి సరిగ్గా ఇదే. ఫలితంతో అతనికి కుతూహలం ఉన్నది, బాధ్యత లేదు.

మార్క్సిస్టుల మీద రుడాల్ఫ్ స్టామ్లర్ అనే జర్మన్ న్యాయశాస్త్రజ్ఞుడు ఒక చమత్కారమైన ఆక్షేపణ చేశాడు. సమాజంలో మార్పు తప్పదని వీరే అంటారు, మళ్లీ దానికోసం పార్టీ పెడతారు, చంద్రగ్రహణం రావటానికి ఎవరైనా పార్టీ పెడతారా అన్నాడు. 1898లో చరిత్రలో వ్యక్తి పాత్రను గురించి రాసిన వ్యాసంలో ప్లెహనోవ్ దీనికి సమాధానం చెప్పాడు. గ్రహణానికి కావలసిన కారణాల్లో మనుషుల చేతలు లేవు; సమాజం మారటానికి కావలసిన కారణాల్లో అవీ ఉన్నాయి. తప్పదన్న నమ్మకం మనిషిని చేతులు కట్టుకు కూర్చోబెట్టనూ వచ్చు, కొండంత బలమిచ్చి నడిపించనూ వచ్చు. ఆ పనిలో తాను కూడా ఒక కారణమని అతను గుర్తించాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా విద్యార్థి ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉన్నది. మిగతా సగానికి ప్లెహనోవ్ దాకా పోనక్కరలేదు, మన ఊళ్లోనే దొరుకుతుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. 1909లో పుట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన తయారుచేశాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆ జట్టుకు స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ రోజున లెక్కలు వేసేవాడెవడైనా ఈ దేశానికి ఫుట్‌బాల్ అచ్చిరాదని చెప్పి ఉండేవాడు. నాలుగేళ్ల తర్వాత, 1956లో మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరుకున్న మొదటి ఆసియా జట్టు మనదే అయింది. సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియాయే. 4–1తో ఓడిపోయాం గాని, మొదటి గోలు కొట్టింది మనవాళ్లు. 10–1కీ 4–1కీ మధ్య ఉన్నది గ్రహబలం కాదు, నాలుగేళ్ల పని.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి రహీంను కేన్సర్ తినేస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో మనను ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడిన ఆటలో, వెనక వరసకు కోటగోడలాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఈయన మన హైదరాబాదులో పుట్టినవాడే, జ్వరంతో పడ్డాడు. దీనికి తోడు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదన్న వివాదంలో మన ప్రతినిధి జి.డి. సోంధీ అన్న మాటలకు జకార్తా ప్రజలు మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీదికే వచ్చారు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురుగా నిలబడింది మళ్లీ దక్షిణ కొరియా. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవాళ్లను వెక్కిరిస్తున్నారు. ఆ లక్షమందిలో మనవాళ్లను ప్రోత్సహించింది పాకిస్తాన్ హాకీ జట్టు ఒక్కటేనని చెప్పుకుంటారు.

పట్టిక వేసేవాడికి ఇంతకంటే సులువైన లెక్క ఉండదు. రహీం కూడా లెక్క వేశాడు; కాని ఆ లెక్కలో తన చేతిలో ఉన్నది కూడా కలుపుకున్నాడు. తలకు కుట్లున్నవాడు వెనక వరసలో మునపటిలా పనికిరాకపోవచ్చు గాని, ముందుకు పంపితే ఎదుటి జట్టు ఎరగని మనిషి అవుతాడు. సెమీఫైనల్లోనే జర్నైల్‌ను ముందు వరసకు పంపాడు. అతను గోలు కొట్టాడు, దక్షిణ వియత్నాం 3–2తో ఓడింది. ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2–1తో స్వర్ణం మనది. ఆనాడు మైదానంలో తంగరాజ్‌తోపాటు హైదరాబాదు ఆటగాడు యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నాడు. తర్వాత సంవత్సరం తిరక్కుండా, 1963 జూన్ 11న, రహీం చనిపోయాడు.

దీన్ని వీరగాథగా చెప్పుకోవటం సులభం. 2024లో హిందీలో మైదాన్ అనే సినిమా కూడా తీశారు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది వీరత్వం కాదు, లెక్క వేసే తీరు. జోస్యం చెప్పేవాడు తనను లెక్కలో నుంచి తీసేసుకుని, మిగిలిన ప్రపంచాన్ని స్థిరమైన వస్తువుగా చూస్తాడు. అంచనా కట్టేవాడు తనను కూడా లెక్కలో వేసుకుంటాడు గనక, కొరియా మీద 0–2 అన్న అంకె అతనికి తీర్పు కాదు, సమాచారం. జైల్లో రాసుకున్న నోట్సులో గ్రాంషీ ఇంచుమించు ఇదే మాట అన్నాడు: ముందుగా తెలిసేది పోరాటం ఉంటుందన్న ఒక్క సంగతే, మిగతాది మనం ఎంతవరకు పనిచేస్తామో అంతవరకే ముందుగా తెలుస్తుంది.

ఈ తేడాను మనవాళ్లు ఎప్పుడూ గుర్తుంచుకున్నారని చెప్పలేను. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు వచ్చినప్పుడు ప్రభుత్వం కమ్యూనిస్టులదేనన్న ధీమా శ్రేణుల్లో నిండిపోయింది. 196 స్థానాల్లో వచ్చినవి 15. ఓట్లు మాత్రం సుమారు 31 శాతం. ఆ ఓట్లు జోస్యం వల్ల రాలేదు, ఏళ్ల తరబడి జరిగిన పనివల్ల వచ్చాయి. స్థానాల లెక్క తప్పటానికి గల కారణాల్లో ఒకటి, కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కలిసి ఒక కూటమిగా నిలబడటం. మన ఎత్తు చూసి ఎదుటివాడు తన ఎత్తు మార్చుకుంటాడు. వాడూ ఆలోచించే మనిషే. గ్రహణానికి ఈ బాధ లేదు. “తప్పదు” అన్న మాటను మన వేదికల మీద ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అది పనికి పిలుపుగా వినిపించిన సభలు కొన్ని, పనికి బదులుగా వినిపించిన సభలు చాలా.

విచిత్రమేమిటంటే, చెప్పలేనివాటిని ఇంత ఉత్సాహంగా చెప్పే మనుషులు చెప్పగలిగినవాటి దగ్గర నోరు మెదపరు. 1970లో బాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన కాంస్యం వచ్చిన తర్వాత, ఇంతవరకు ఆ క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు పతకం లేదు. ఆటగాడికి ఉద్యోగమిచ్చే శాఖలు తగ్గుతుంటే, మైదానాల మీద కట్టడాలు లేస్తుంటే ఏమవుతుందో చెప్పటానికి ఆక్టోపస్ అక్కరలేదు. నిన్నమొన్నటి హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, జీతాలు ఇవ్వలేని స్థితికి వచ్చి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఇదంతా “దురదృష్టం” అన్నారు.

ఇంకా పెద్ద ఉదాహరణ ఖతరే. ఆక్టోపస్ ప్రసిద్ధికెక్కిన 2010లోనే, డిసెంబరు 2న, ఖతర్‌కు ప్రపంచ కప్పు నిర్వహణ దక్కింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి అప్పులు చేసి వీసాలు కొనుక్కుని వెళ్లిన తెలుగు కూలీలు ఆ ఎండల్లో పనిచేశారు. 2010 తర్వాతి పదేళ్లలో ఐదు దక్షిణాసియా దేశాల కార్మికులు 6,500 మందికి పైగా ఖతర్‌లో అన్ని రకాల కారణాలతో చనిపోయారని 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక లెక్క తీసింది. కప్పుకు సంబంధించిన పనుల్లో చనిపోయినవారు 400 నుంచి 500 దాకా ఉండవచ్చునని 2022 నవంబరులో నిర్వాహకుల ప్రతినిధి ఒకరు ఒప్పుకున్నారు. రెండు లెక్కలూ ఒకటి కావు. కలిపి చూడటం తప్పు. కాని చాలా మరణపత్రాల్లో కారణం “సహజం” అని రాసి ఉన్నది. ఎండ ఎంతో తెలుసు, పనిగంటలెన్నో తెలుసు, పడుకునే గదిలో ఎంతమందో తెలుసు. గ్రహణమంత కచ్చితంగా కాకపోయినా ఏమి జరుగుతుందో చెప్పవచ్చు. అది చెబితే ఆపవలసి వస్తుంది. గోళ్లు గిల్లుకుంటూ ఫైనల్లో ఎన్ని గోళ్లు, ఎవరివి అని చెప్పినందువల్ల ఎవరూ ఏమీ ఆపనక్కరలేదు.

మనం, అంటే ఉపాధ్యాయులం, ఈ విషయంలో ఇతరులను నిందించే స్థితిలో లేము. అధ్యాపకుల గదిలో జూలై నెలలోనే “వీడు డిసెంబరు దాకా ఉండడు” అన్న మాట వినిపిస్తుంది. చాలాసార్లు నిజమవుతుంది కూడా. రాత్రంతా బేకరీలో పనిచేసే పిల్లవాడూ, లాడ్‌బజారుకు లక్కగాజులు చేసే ఇంటి పిల్లా ఉదయం మొదటి తరగతికి రాలేరు. నాలుగు నెలలకు హాజరు చాలదు. ఇది కారణాలున్న విషయం, కారణాల్లో ఒకటి మన గంట. రహీం పంతులు బడిలో ఇటువంటి పిల్లలు లేరనుకోను.

ఈ ఏడు మా ముగ్గురు అధ్యాపకులం జూలైలోనే హాజరు పట్టీలు ముందు వేసుకుని, మానేస్తారనిపించిన 22 మంది పేర్లు రాసి, ఒక్కొక్కరితో మాట్లాడి, ఎవరెవరు ఎక్కడ పని చేస్తున్నారో తెలుసుకున్నాం. పరీక్ష ఫీజు వాయిదాల్లో కట్టనివ్వాలనీ, మొదటి తరగతి పదకొండు గంటలకు మార్చాలనీ అర్జీ ఇచ్చాం. ఫీజు సంగతి ఒప్పుకున్నారు. వేళల సంగతి పరిశీలనలో ఉన్నదన్నారు. ఈ వ్యాసం రాసేనాటికి ఆ 22 మందిలో 14 మంది వస్తున్నారు.