తలుపు తీయొద్దని చెప్పాక

డల్లాస్‌లో మా పక్కింటి తెలుగమ్మాయికి చెబుతున్నాను: ఇమిగ్రేషన్ అధికారులొస్తే తలుపు తీయకు, జడ్జి సంతకం చేసిన వారెంటు చూపించమను, మాట్లాడకపోవడం నీ హక్కు. నోరెత్తొద్దని పెంచిన పిల్లకి మౌనం హక్కని నేర్పడం నాకే వింతగా ఉంది.

“ఆయన కొడితే పోలీసుల్ని పిలవొచ్చా ఆంటీ? వాళ్ళకి తలుపు తీయొచ్చా?” అంది.

18 ఏళ్ళు నిండిన విదేశీయులు నమోదు కాగితాలు వెంట ఉంచుకోవాలని చట్టం. ఆమెవి భర్త బీరువాలో ఉన్నాయి. ఆమె హెచ్-4 వీసా కూడా అతని వీసాకి ముడిపడిందే. నాలుగో రాజ్యాంగ సవరణ గడప బయటి రాజ్యం నుంచి కాపాడుతుంది, లోపలి మొగుడి నుంచి కాదు. నేరబాధితులకి 2000 నాటి చట్టం తెచ్చిన యు వీసా ఉంది. ఏడాదికి 10,000 మంది బాధితులకి మించి ఇవ్వరు.

పౌరసత్వమున్న నేను ఏ ధైర్యంతో సలహా ఇవ్వాలి? పోలీసులు వేరు, ఇమిగ్రేషన్ వాళ్ళు వేరని గట్టిగా చెప్పలేకపోయాను. అయినా తీయమన్నాను. నా ఫోన్ నంబరు రాసి, వాళ్ళ వంటింట్లో పప్పు డబ్బా అడుగున అంటించి వచ్చాను.