సంతకమునకును అధ్యయనమునకును నడుమ

చదువు ముగియునాటికి ఏ నిర్ణయమునకు రావలెనో ముందే వ్రాసిపెట్టియున్నచో, ఆ చదువు చదువనిపించుకొనునా? లూథరన్ వేదాంత విద్యాలయములో క్రమబద్ధ వేదాంతము నభ్యసించు విద్యార్థికి ఈ ప్రశ్న తప్పదు. వేదాంతమనగానే ఉపనిషత్తులను తలచుకొను పాఠకులకు ఒక మాట చెప్పవలెను. తెలుగు క్రైస్తవులు దైవశాస్త్రమునకు చిరకాలముగా ఆ పేరే వాడుచున్నారు. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పేరే అందుకు సాక్ష్యము.

బైబిలు బోధలను పాపము, ధర్మశాస్త్రము, కృప, సంస్కారములు అను శీర్షికల క్రింద చేర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు నిరూపించుట ఈ శాస్త్రము చేయు పని. లూథరు సహచరుడు మెలాంక్టన్ 1521లో, ఇరువదినాలుగేండ్ల వయస్సున, రోమీయులకు వ్రాయబడిన పత్రికపై తాను చెప్పిన పాఠములనుండి ఇట్టి గ్రంథమును కూర్చెను. త్రిత్వము వంటి మర్మములను విచారించుటకంటె ఆరాధించుట మేలని తలచి, వానిని అందులో వదలివేసెను. తరువాతి ముద్రణలలో అవియు వచ్చి చేరినవి. చేరక తప్పదు. ఒక వాక్యమును నిలబెట్టినచో దానికి ఊతముగా మరియొకటి కావలెను. మానవ సంకల్పమునకు స్వతహాగా కొంత శక్తి కలదనినచో కృప అంతమేరకు తగ్గును. కృప తగ్గినచో పసిబిడ్డకిచ్చు బాప్తిస్మమునకు అర్థము మారును. ఈ అల్లిక తెలిసిన విద్యార్థి ఏ ఒక్క మాటను తేలికగా పలుకలేడు.

1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రకటనమున 28 ప్రకరణములు. 1577 నాటి ఐకమత్య సూత్రమున 12. ఇవియు మరికొన్నియు కలసి 1580లో ఐకమత్య గ్రంథమైనవి. ఆ సూత్రముయొక్క సంగ్రహభాగమును చదువునపుడు మన మీమాంసకుల అధికరణము గుర్తుకు వచ్చును. మొదట వివాదమేదో చెప్పుదురు, పిదప తాము అంగీకరించునది, కడపట నిరాకరించునది. పూర్వపక్షమును స్పష్టముగా చెప్పనిదే సిద్ధాంతము లేదు. నా దృష్టిలో ఈ శాస్త్రముయొక్క నీతి అంతయు ఇందే కలదు.

బోధకుడుగా ప్రతిష్ఠింపబడునాడు విద్యార్థి ఈ గ్రంథమునకు కట్టుబడుదునని ప్రమాణము చేయవలెను. ఎట్లు? దైవవాక్యముతో ఏకీభవించుచున్నది ‘కనుక’ అనియా, ఏకీభవించు ‘నంతవరకు’ అనియా? లాటిన్ భాషలోని ఈ రెండు మాటలపైన తరతరములుగా వాదము నడచినది. ‘అంతవరకు’ అనుట వినయముగా వినిపించును గాని, ఆ షరతుపైన మనుష్యుడు ఏ గ్రంథముమీదనైనను, ప్రతివాది గ్రంథముమీద సైతము, సంతకము చేయగలడు. ‘కనుక’ అనువాడు నిజముగా ఏదో ఒకటి చెప్పుచున్నాడు. అయితే చదువక ముందే ‘కనుక’ అనువాని మాటకును విలువ లేదు. విద్యాలయములో గడచు సంవత్సరములు అందుకొరకే.

ఇంకను ఒక చిక్కు మిగిలియున్నది. ‘కనుక’ అన్నవాడు తాను చదివిన గ్రంథమునకు కట్టుబడెను. దానికి రేపు ఇతరులు చెప్పబోవు అర్థమునకు కూడ కట్టుబడెనా? అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఇది పుస్తకములలోని ప్రశ్నగా నిలిచిపోలేదు. అచటి కన్‌కార్డియా విద్యాలయము, ‘కనుక’ అను ప్రమాణమునే కోరు మిస్సౌరీ సినడ్ అను లూథరన్ సంఘమునకు చెందినది. ఆదాము కథను, యోనా కథను చరిత్రగానే చదువవలెనా అను వివాదము అచట పెరిగెను. 1973లో న్యూ ఆర్లియన్స్‌లో కూడిన సంఘ మహాసభ, సంఘాధ్యక్షుడు ప్రియస్ వెలువరించిన సిద్ధాంత వివరణమును ఓట్లచేత ఆమోదించి, ఆచార్యులలో అధికసంఖ్యాకుల బోధ సహింపరానిదని తీర్మానించెను. తాము విశ్వాసపాత్రులమేయని ఆచార్యులనిరి. 1974 జనవరి 20న విద్యాలయాధ్యక్షుడు జాన్ టీట్జెన్ పదవినుండి తాత్కాలికముగా తొలగింపబడెను. మరునాడు విద్యార్థులు, ఏ ఆచార్యుడు తప్పు బోధించుచున్నాడో, ఆ తప్పు ఏదో చెప్పువరకు తరగతులకు పోమని నిశ్చయించిరి.

పూర్వపక్షమును చెప్పుమనుటయే గదా అది! తరగతులు మానుటలో వారు తరగతులలో నేర్చినదానినే ఆచరించిరి.

ఫిబ్రవరి 19న ఆచార్యవర్గములోని 50 మందిలో 45 మందితో పాటు విద్యార్థులలో పెక్కుమంది బయటికి నడచిరి. ప్రవాస విద్యాలయమని పేరుపెట్టుకొని చదువు సాగించిరి. వారికి తరగతి గదులిచ్చినవారిలో, నాలుగువందల యేండ్లుగా లూథరన్ల ప్రతివాదులైన జెసూట్ల విశ్వవిద్యాలయము కూడ ఒకటి. ఆచార్యులు విద్యాలయపు ఇండ్లను విడువవలసి వచ్చెను. తమను ఏ సంఘమైన బోధకులుగా పిలుచునో లేదో విద్యార్థులకు తెలియదు.

నిలిచిపోయినవారు పిరికివారని తలచుట అన్యాయము. వారిలో సంఘాధ్యక్షుని తమ్ముడు రాబర్ట్ ప్రియస్ క్రమబద్ధ వేదాంతమున గట్టి పండితుడు. ఒక దారమును లాగినచో తక్కిన నేత వదులగునని వారి భయము; ఆ శాస్త్రము నెరిగినవాడెవడును ఆ భయమును తేలికగా కొట్టివేయలేడు. తన కానుకలతో విద్యాలయమును పోషించు రైతు, తన బిడ్డలకేమి బోధింతురని అడుగుటకు హక్కు కలవాడే. అయినను పలువురిని సమష్టిగా నిందించి, ఒక్కొక్కరిని విచారింపని తీర్మానము ఆ గ్రంథపు పద్ధతికే విరుద్ధమని నా తలంపు. ఓటు సంఘముయొక్క సరిహద్దును నిర్ణయింపగలదు. నిన్నటి ప్రమాణములో లేని మాటను ఉన్నదనిపింపజాలదు.

1983లో ప్రవాస విద్యాలయపు కడపటి స్నాతకులు వెడలిరి. ఆచార్యులు ఇతర విద్యాలయములకు చేరిరి. పాత విద్యాలయము నేటికిని సెయింట్ లూయిస్‌లోనే నడచుచున్నది. రెండు పక్షములవారును ప్రతిష్ఠనాడు పేర్కొనునది 1580 నాటి ఆ గ్రంథమునే.